అజ్ఞాతవాసంలో హాస్యం

రామచంద్రపురం నుంచి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. ఇంట్లో పిల్లలు ఒక ఆంగ్లచిత్రం పెట్టగా తామూ కూర్చుండి చూచినారట. డబ్బు పుచ్చుకొని హత్యలు చేసే ఇద్దరు మనుష్యులు ఒక పాత పట్టణంలో తలదాచుకొన్న కథ అది. చూచినంతసేపూ ఇంటిల్లిపాదీ నవ్వినారట. తరువాత మాత్రం ఆయనకు నిద్రపట్టలేదట. "పసివాని ప్రాణం పోవటం ఆ కథకు మూలం. తెలిసికూడ నేను నవ్వినాను. ఇటువంటి నవ్వు నాకెక్కడినుంచి వచ్చినది? మన పెద్దలు దీనిని ఒప్పుకొనేవారా?" అని ఆయన ప్రశ్న.

మొదటి ప్రశ్నకు సమాధానం ఆయనే వెతుకుకోవలె. రెండవది మాత్రం చరిత్రకు సంబంధించినది. అందును గూర్చి చెప్పవలసినది చాల ఉన్నది.

ఆ చిత్రం పేరు 'ఇన్ బ్రూజ్'. 2008లో వచ్చినది. నాటకరచయితగా అప్పటికే పేరు పొందిన మార్టిన్ మెక్‌డొనా దానిని వ్రాసి, తానే దర్శకత్వం వహించినాడు. రే అనే యువకుడు ఒక మతగురువును చంపటానికి పోయి, పొరబాటున ప్రార్థనకు వచ్చిన బాలుని కూడ కాల్చివేస్తాడు. యజమాని హ్యారీ అతనిని, పెద్దవాడైన కెన్‌ను బెల్జియం దేశంలోని బ్రూజ్ పట్టణానికి పంపి, తన టెలిఫోను వచ్చేవరకు కదలవద్దంటాడు. పండుగరోజులు. హోటలులో ఇద్దరికీ కలిపి ఒకే గది. కెన్ యాత్రికుని వలె కాలువలు, చర్చీలు, గంటగోపురం చూచి మురిసిపోతూ ఉంటాడు. రేకు ఆ ఊరు నరకం. ఇద్దరు హంతకులు చూడవలసిన స్థలాలను గూర్చి పోట్లాడుకోవటం, ఒకడు రెండవవానిని చిన్నపిల్లవానిని మందలించినట్లు మందలించటం: నవ్వంతా ఇక్కడ ఉన్నది. చూడనివారి ఆనందం చెడగొట్టటం ఇష్టం లేదు గనుక ముగింపు చెప్పము.

ఇటువంటి కథ మెక్‌డొనాతో పుట్టలేదు. హెరాల్డ్ పింటర్ వ్రాసిన 'ది డమ్ వెయిటర్' నాటకం 1959లో జర్మనీలోను, 1960లో లండనులోను ప్రదర్శితమైనది. బెన్, గస్ అనే ఇద్దరు కిరాయి హంతకులు ఒక భవనం నేలమాళిగలో ఆజ్ఞకోసం ఎదురుచూస్తూ ఉంటారు. గోడలోని చిన్న పెట్టెలిఫ్టులో పైనుంచి చీటీలు దిగుతవి. చంపవలసినవారి పేర్లు కావవి, భోజన పదార్థాల పట్టికలు! ఇద్దరూ హడలిపోయి, తమ సంచిలోని బిస్కత్తులు, పాలు, తేయాకు పైకి పంపుతారు. మనిషిని చంపటానికి జంకనివారు వడ్డన సరిగా జరగలేదని జంకుతారు. కత్తి పట్టిన చేతికి గరిటె ఇచ్చి చూడటమే ఈ హాస్యానికి మూలసూత్రం.

గరిటె అనగానే తెలుగు శ్రోతకు వలలుడు గుర్తుకు రాకపోడు.

పాండవుల అజ్ఞాతవాసం కన్న గొప్ప దాగుడుకథ మనకు లేదు. నియమం కఠినమైనది. పదమూడవ సంవత్సరం ఎవరి కంటనైనా పడితే మరల పన్నెండేండ్లు అడవి. ధర్మరాజు కంకుభట్టై జూదమాడిస్తాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్నవాడు బ్రతుకుతెరువుకు జూదాన్నే ఎన్నుకోవటంలోని వెక్కిరింత కవికి తెలియనిది కాదు. హిడింబ బకాసురులను చంపిన భీముడు వంటలవాడు. గాండీవం ధరించినవాడు చీర కట్టి, జడ వేసికొని, కన్యలకు నాట్యం నేర్పే బృహన్నల. కవలలలో ఒకడు గుర్రాలకు మేత వేస్తాడు, ఒకడు ఆవులను తోలుతాడు. ద్రౌపది సైరంధ్రియై రాణికి గంధం తీస్తుంది.

ఊరు చొచ్చేముందే కవి మనలను ఒక వింతనవ్వుకు సిద్ధపరుస్తాడు. ఆయుధాలను శ్మశానం దగ్గరి జమ్మిచెట్టుమీద దాచి, ఎవరూ దరికి రాకుండ ఒక శవాన్ని కూడ కొమ్మకు కడతారు. దారిన పోయే పసులకాపరులు అడిగితే, "మా తల్లి; నూట ఎనభై ఏండ్ల ముసలిది; చనిపోయినవారిని ఇట్లా కట్టటం మా కులాచారం" అని వ్యాసభారతంలో చెప్పుతారు. ఎవరి శవమో ఏమో, దానిని తల్లి అనటం, నూట ఎనభై ఏండ్లని వయస్సు కూడ చెప్పటం! అసత్యమాడని ధర్మరాజు ప్రక్కన ఉండగానే ఇది జరుగుతున్నది. శవాన్ని, చావును, అబద్ధాన్ని కలిపి పుట్టించిన ఈ నవ్వు బ్రూజ్ పట్టణపు నవ్వుకు తీసిపోదు.

అసలు కథ కీచకునితో మొదలౌతుంది. రాజుగారి బావమరది, సేనాపతి, దేశానికి నిజమైన ప్రభువు అతడే. సైరంధ్రి నిరాకరించి పరుగెత్తగా వెంటపడి, నిండుసభలో జుట్టుపట్టి తన్నుతాడు. అది భర్తలు చూస్తున్న సభ. భీముని కన్ను ప్రక్కనున్న చెట్టుమీద పడుతుంది; పెరికితే సభ అంతా పిండి. అప్పుడు కంకుభట్టు, వంటవానితో వంటచెరకు సంగతి మాట్లాడినట్లుగా, కట్టెలకోసం చూస్తున్నావేమో, ఆ చెట్టు జోలికి పోక బయటికి పోయి కొట్టుకొమ్మంటాడు. సభలోనివారికి అది కట్టెల మాట, తమ్మునికి అది అన్నగారి ఆజ్ఞ. ఏడుస్తున్న భార్యతో కూడ, నటకత్తె వలె సభలో పరుగులు తీసి రాజుగారి జూదానికి అడ్డురావద్దని అంటాడు. విరాటరాజు, తగవు పూర్వాపరాలు తెలియక తీర్పెట్లా చెప్పేదని తప్పించుకొంటాడు. తిక్కన ఈ ఘట్టంలో ద్రౌపది నోట బదులు చెప్పించినాడు: నా భర్త నటుడైనప్పుడు నేను నటకత్తెనైతే తప్పేమి, పైగా అతడు జూదరి కూడ, అనే అర్థం వచ్చేటట్లు. కంకుభట్టు అడిగిన మాటకు తిరుగుమాట అది. వేషం తీయకుండనే భర్త ముఖంమీద కొట్టినట్లున్నది. ఆ సభలో దాని అర్థం తెలిసినవారు ఇద్దరో ముగ్గురో.

ఇది నవ్వా, ఏడుపా? అలంకారశాస్త్రం ఈ రెంటినీ ఒకచోట ఉండనీయదు. కరుణము, భయానకము హాస్యానికి విరోధులని విశ్వనాథుని సాహిత్యదర్పణం చెప్పుతున్నది. శాస్త్రకారులు గీత గీస్తారు. మహాకవులు దానిని దాటుతారు. దాటినప్పుడల్లా ఆ దాటటం ఎందుకో తెలిసే దాటుతారు.

నర్తనశాల ఘట్టం చూడండి. పగలు కన్యలు నాట్యం నేర్చుకొనే చోటు, రాత్రి నిర్మానుష్యం. ద్రౌపది చీకటిలో వంటయింటికి పోయి, నిద్రపోతున్న భీముని లేపి, తన గోడు చెప్పుకొంటుంది. మరునాడు కీచకునికి సంకేతం చెప్పుతుంది. అతనికి పొద్దు గ్రుంకదు. గంధం పూసికొంటాడు, మాల వేసికొంటాడు, నగలు సర్దుకొంటాడు. చావుకు పోతూ ఇంత ముస్తాబైనవాడు మన సాహిత్యంలో మరొకడు లేడేమో. చీకటిలో పాన్పుమీది మనిషిని తాకి, నేను అందగాడనని మా ఇంటి ఆడవారే అంటారని చెప్పుకొంటాడు. పాన్పుమీద ఉన్నది భీముడు. అతడు కూడ సరసంగానే, నీవు అందగాడవు కావటం నా భాగ్యం, ఇటువంటి స్పర్శ నీవింతవరకు ఎరుగవని జవాబిస్తాడు. ఆ వెంటనే పట్టు. పోరాటం నిశ్శబ్దంగా సాగుతుంది. ఎందుకంటే అరిస్తే ఇద్దరికీ ముప్పే. ఒకడు దాగినవాడు, రెండవవాడు రహస్యంగా వచ్చినవాడు. చంపేవాడూ చచ్చేవాడూ ఇద్దరూ ఇరుగుపొరుగు లేస్తారని భయపడుతూ కొట్టుకోవటం కన్న చీకటిహాస్యం ఏముంటుంది?

తెల్లవారకముందే కాగడాలతో వచ్చినవారు ఆ మాంసపు ముద్దను చూచి, మెడ ఏది, కాళ్లేవి, చేతులేవి, తల ఏది అని వెతుకుతారు. భీముడు అప్పటికే వంటయింటికి చేరినాడు. మర్నాటి వంట మరి ఎవరు చేస్తారు?

పదమూడవ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషం ముట్టక, సరిగా ఈ విరాటపర్వంతోనే తన భారతరచన ఆరంభించినాడు. అందుకు పండితులు అనేక కారణాలు చెప్పుతారు. నాటకీయత మీద ప్రాణం పెట్టిన కవికి ప్రతి పాత్రా వేషం వేసికొన్న పర్వం దొరికితే విడుచునా అని మాకు తోస్తుంది. ఆ తరువాత అది పండితుల సొత్తుగా మాత్రం నిలువలేదు. వానలు వెనుకబడితే విరాటపర్వం చదివించటం తెలుగునాట ఆచారమైనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన తరువాత రామచంద్రపురం ప్రాంతపు రైతుకు మేఘం మీది బెంగ కొంత తీరి ఉండవచ్చును. విరాటపర్వం మీది మక్కువ తీరలేదు.

ఆ మక్కువకు మంచి సాక్ష్యం తోలుబొమ్మలాట. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ విద్యకు పేరుపొందిన ఊరు. మేకతోలు బొమ్మలకు రంగులద్ది, తెరవెనుక దీపం పెట్టి, రాత్రి తెల్లవార్లూ ఆడేవారు. కీచకవధ వారికి ఇష్టమైన ఆటలలో ఒకటి. కథ మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊడిపడతారు. వారికి భారతంతో సంబంధం లేదు. ఊళ్లో అప్పులు, మొగుడూపెళ్లాల తగవులు, మోటు సరసాలు తెచ్చి తెరమీద పోస్తారు. నాగరికులు కొందరు దీనిని రసభంగమన్నారు. మేము అట్లా అనుకోము. కీచకుడు రాబోతున్నాడని తెలిసి గుండె దడదడలాడుతున్న జనాన్ని ఆ ముగ్గురూ నవ్వించి, ఆ నవ్వు నోట ఉండగానే తెర మీదికి భీముని బొమ్మ వస్తుంది. నవ్వుకు తెరచిన నోరు అట్లాగే తెరచుకొని ఉండిపోతుంది. బొమ్మలాడించేవారికి ఏ శాస్త్రమూ ఎవరూ చెప్పనక్కరలేదు. వారు ఎదుట కూర్చున్న జనాన్ని చూచి నేర్చినారు.

సంస్కృత నాటకంలో ఈ ధోరణి శూద్రకుని మృచ్ఛకటికంలో పరాకాష్ఠ నందుకొన్నది. పది సువర్ణాలు జూదంలో ఓడి పారిపోయిన సంవాహకుడు, వెనుకకు నడిచి పాడుగుడిలో దూరి, దేవుని విగ్రహం వలె నిలబడతాడు. తరుముకొనివచ్చిన జూదశాల యజమాని, జూదరి అతనిని అటూఇటూ కదిపి చూచి, ఇది కొయ్యవిగ్రహమా రాతివిగ్రహమా అని వాదించుకొని, చివరకు అతని ముందే పాచికలు వేస్తారు. పాచికల చప్పుడు చెవిని పడగానే దేవుడు తట్టుకోలేకపోతాడు! ఈ ఘట్టం చదివి నవ్వనివారిని మేము చూడలేదు.

అదే నాటకం పదవ అంకంలో, చేయని హత్యకు చారుదత్తుని వధ్యస్థానానికి నడిపించే ఇద్దరు తలారులు, ఈవేళ వంతు నీదంటే నీదని తగవులాడుకొంటారు. వంతు వచ్చినవాడు, తన తండ్రి చచ్చిపోతూ చెప్పిన హితవు చెప్పుతాడు: నరకటానికి తొందరపడవద్దు, ఎవరైనా డబ్బిచ్చి విడిపించవచ్చు, రాజుకు కొడుకు పుట్టి ఖైదీలను వదలవచ్చు, ఏనుగు కట్టు తెంచుకోవచ్చు, రాజే మారిపోవచ్చు. పింటరు బెన్ గస్‌లకు వీరు వేల ఏండ్ల నాటి అన్నలు. ఎదుట నిరపరాధి మెడలో ఎర్రపూలమాల వేసికొని నిలుచుండగా మనం నవ్వుతున్నాము. నవ్వుతూనే ఆ తలారి ఇంకొంచెం ఆలస్యం చేస్తే బాగుండునని కోరుతున్నాము. నవ్వూ, ప్రార్థనా ఒక్క ఊపిరిలో వస్తున్నవి.

కీచకుని చావు ఆధునిక కాలంలో కొత్త అర్థం సంపాదించుకొన్నది. మహారాష్ట్రలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1907లో 'కీచకవధ' నాటకం ప్రదర్శింపజేసినాడు. కీచకుడంటే కర్జన్ ప్రభువని ప్రేక్షకులు గ్రహించినారు. ప్రభుత్వం కూడ గ్రహించినది. 1910లో నాటకాన్ని నిషేధించినారు. సభలో న్యాయం దొరకని ఆడది చీకటిలో వంటవాని దగ్గరకు పోవటంలో ఎంత నిప్పు ఉన్నదో తెల్లదొరలకు బాగానే అర్థమైనది.

దక్షిణదేశంలో చలనచిత్రం కూడ కీచకునితోనే పుట్టినది. మోటారు సామానుల వ్యాపారం చేసే నటరాజ ముదలియారు 1917-18 ప్రాంతంలో మదరాసులో తీసిన మూకీచిత్రం పేరు 'కీచకవధం'. దాని ప్రతి ఒక్కటి కూడ నేడు మిగలలేదు. ధ్వని లేని చిత్రానికి నిశ్శబ్దంగా జరిగే హత్యను ఎన్నుకోవటం కాకతాళీయమే కావచ్చును, కాని ఎంత చక్కగా కుదిరినది!

తెలుగువారికి మాత్రం కీచకుడంటే ఎస్.వి. రంగారావే. 1963లో వచ్చిన 'నర్తనశాల'కు కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, సముద్రాల రాఘవాచార్య రచయిత. ఎన్.టి. రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, బరువులెత్తే క్రీడలో పేరొందిన దండమూడి రాజగోపాలరావు భీముడు. రంగారావు కీచకుణ్ణి రాక్షసునిగా చూపలేదు. అతడు భోగి, తన అందానికి తానే ముగ్ధుడు. అడుగు వేయటంలో కూడ లోకమంతా తన పట్టెమంచమన్న ధీమా. అందుచేతనే అతనిని చూచి ముందు నవ్వు వస్తుంది, తరువాత ఒళ్లు జలదరిస్తుంది. 1964లో జకార్తా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమనటుడుగా బహుమానం లభించినది. దాగినవారి కథను భాష తెలియని దేశమూ గుర్తించినది.

ఆ చిత్రంలో ఉత్తరకుమారుడు రేలంగి వెంకట్రామయ్య. రావులపాలెం దగ్గరి రావులపాడులో పుట్టినవారు. రంగారావు, రేలంగి ఇద్దరూ కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలతో పెరిగినవారే. అంతఃపురంలో కోతలు కోసి, కురుసేనను చూడగానే రథం దిగి పారిపోయే రాకుమారుడు, చీర కుచ్చెళ్లు, జడ ఎగురుతూ ఉండగా అతనిని తరుముకొని పోయే బృహన్నల: ఇంతకన్న హాయిగా నవ్వుకొనే యుద్ధరంగం మరొకటి లేదు. మరి కొన్ని ఘడియలలో అదే చోట రక్తం పారబోతున్నదని మనకు తెలుసు. జమ్మిచెట్టు మీది ఆ మూట దిగటమే తరువాయి.

గోదావరి జిల్లాలవారి సంగతి వచ్చినది కనుక ఒక మాట. రామచంద్రపురం సమీపాన ఉన్న పసలపూడిలో పుట్టిన దర్శకుడు వంశీ, 'చెట్టు కింద ప్లీడర్' (1989) వంటి చిత్రాలలో నేరాన్ని, హాస్యాన్ని ఒకే పాత్రలో వండినాడు. 1991లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'క్షణక్షణం'లో, బ్యాంకు దోపిడి సొమ్ముకోసం దొంగలూ పోలీసులూ వెంటపడగా, ఒక చిల్లరదొంగ, ఒక ఉద్యోగిని అడవిపాలౌతారు. అడవిలో ఆమె బెడద తిండి, నిద్ర, దోమలు. తుపాకులది తరువాతి మాట. ఈ చిత్రాలను గూర్చి విడిగా ముచ్చటించుకోదగును. ఇక్కడ తావు చాలదు.

కాని గురజాడను విడిచిపెట్టి పోలేము. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1897లో అచ్చై, 1909లో పెంచి వ్రాయబడిన 'కన్యాశుల్కం'ను మనం సంఘసంస్కరణ నాటకమని పాఠాలలో చదివినాము. నేరకథగా కూడ చదివి చూడండి. గిరీశం అప్పులవారికి, పూటకూళ్లమ్మకు భయపడి ఊరు విడిచి, కృష్ణరాయపురం అగ్రహారంలో తలదాచుకొన్న మనిషి. మధురవాణి ఇంట ఒకే మంచం క్రింద ఇద్దరు పెద్దమనుష్యులు నక్కటం, చీపురు దెబ్బ ఒకరికి తగలవలసినది మరొకరికి తగలటం ప్రహసనం. కాని ఆ మంచం క్రింది నుంచి మొదలైన కథ ఎక్కడికి పోతుంది? పెండ్లికూతురి వేషం వేసిన బాలుడు మాయమౌతాడు. పుట్టని పిల్లను చంపినాడని లుబ్ధావధానులమీద హత్యానేరం పడుతుంది. చావని మనిషికి హంతకుడు తయారైనాడు! సాక్షులున్నారు, పోలీసులున్నారు, ప్లీడర్లున్నారు, లేనిది హతురాలొక్కతే. లుబ్ధావధానుల గడగడ చూచి మనం నవ్వుతాము. ఆ ముసలివాడు పసిపిల్లను డబ్బిచ్చి కొనటానికి సిద్ధపడినవాడే గనుక నవ్వటానికి సంకోచించము. అదే సమయంలో మీనాక్షి, బుచ్చమ్మ నాటకంలో ఉన్నారు. వారి బ్రతుకు వేషం కాదు, వారికి దాగుకొనటానికి మంచం కూడ లేదు. 1955లో పి. పుల్లయ్యగారి చిత్రం ఈ నాటకాన్ని ఊరూరికీ చేర్చినది. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులుగా నవ్వించి, ఆ నవ్వులో జుగుప్స కలిపిన తీరు అపూర్వం.

ఇప్పుడు బ్రూజ్‌కు మరలిపోదాము. అక్కడొక ఘట్టం ఉన్నది. హ్యారీ ఎట్టకేలకు టెలిఫోను చేసి, రేను చంపవలసినదని కెన్‌ను ఆజ్ఞాపిస్తాడు. పసివానిని చంపినవాడు బ్రతకరాదన్నది హ్యారీ నియమం. కిరాయి హత్యలు చేయించేవానికి నియమం! కెన్ తుపాకి తీసికొని పార్కులో రే వెనుకకు నడుస్తాడు. ఎత్తబోయేవేళకు, ఆ యువకుడే తన కణతకు తుపాకి పెట్టుకొని కనబడతాడు. చంపటానికి వచ్చినవాడు గట్టిగా అరచి, వద్దని ఆపుతాడు. ఆ తరువాత ఇద్దరూ, నన్ను చంపటానికి వచ్చినావా అంటే, నిన్ను నీవు చంపుకోబోయినావా అని దెబ్బలాడుకొంటారు. మా రామచంద్రపురం శ్రోత ఇక్కడ కూడ నవ్వే ఉంటారు. మేమూ నవ్వినాము. కాని ఆ నవ్వుకు కారణం ఆ బాలుని మరణం కాదు. బాలుడు ఆ కథలో ఒక్కసారి కనిపిస్తాడు, చేతిలో తాను దేవునితో చెప్పుకోవలసిన తప్పుల చిన్న చీటీ. దర్శకుడు అక్కడ నవ్వును దరికి రానీయలేదు. మిగిలిన చిత్రమంతా రే ఆ చీటీనుంచి దాగుకొనటానికి చేసే ప్రయత్నమే. పోలీసులకు కనబడకుండ ఉండటానికి బ్రూజ్ చాలును, ఆ చీటీకి ఏ ఊరూ చాలదు.

మన పెద్దలు కూడ నవ్వు ఎక్కడ ఆపవలెనో అక్కడ ఆపినారు. గంధం పూసికొన్న కీచకుని చూచి నవ్వనిచ్చినారు. సభలో పడిఉన్న ద్రౌపదిని చూచి నవ్వనీయలేదు. కీచకుని తమ్ములు, నూరైదుగురు ఉపకీచకులు, మా అన్న చావుకు ఇదే మూలమని సైరంధ్రిని పాడెకు కట్టి, కాల్చటానికి మోసుకొనిపోతారు. అక్కడ జూదం లేదు, సరసం లేదు, రెండర్థాల మాటలు లేవు. ఆమె కేక ఒక్కటే ఉన్నది. తన భర్తలకు తాము పెట్టుకొన్న రహస్యనామాలతో ఆమె కేకలు వేయగా, వంటవాడు దుస్తులు మార్చి, వాకిలి కాని చోట గోడ దూకి, చెట్టు పెరికి భుజాన వేసికొని పరుగెత్తుతాడు.

ఆ నూరైదుగురూ పోయిన తరువాత కవి మరల నవ్వుకు తలుపు కొంచెం తెరుస్తాడు. సైరంధ్రి స్నానం చేసి నగరంలోకి తిరిగివస్తూ ఉంటే, ఆమె గంధర్వపతులకు జడిసి జనం వీధులు విడిచి పారిపోతారు. పరుగెత్తలేనివారు కండ్లు మూసికొంటారు. వంటయింటి వాకిట వలలుడు నిలుచుండి ఉంటాడు. నన్ను విడిపించిన గంధర్వరాజుకు నమస్కారమని ఆమె మెల్లగా అని సాగిపోతుంది. మత్స్యదేశాధిపతి విరాటరాజు, ఈ మనిషిని ఇంట ఉంచుకోరాదని నిశ్చయించినాడు. కాని ఆ మాట తానుగా ఆమెతో చెప్పటానికి ధైర్యం చాలక, రాణిని పిలిచి చెప్పమన్నాడు. రాణి సుధేష్ణ భయపడుతూనే చెప్పినది. అజ్ఞాతవాసం ముగియటానికి ఇక కొద్ది దినాలే మిగిలి ఉన్నవి. సైరంధ్రి తల వంచుకొని, మరి పదమూడు రోజులు మాత్రం ఓపిక పట్టవలసినదని రాజుగారితో మనవి చేయమన్నది.